ఈ తీగ ఏమైపోయింది?

వాది మా వదిన. ప్రతివాది మా నాన్న. ఇద్దరి మధ్య భోజనాల బల్ల మీద పరిచిన పాత పేపరు, పేపరు మీద సబ్బు పెట్టెంత అల్యూమినియం డబ్బా. సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని నిలబడినవాణ్ణి నేను. కాబట్టి సాక్షిని కూడా నేనే.

వదిన మా మేనత్త కూతురు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం రాత్రి ఒక బ్యాండులో బేస్ గిటార్. నాన్న కోఠీలో, గుజరాతీ గల్లీకి పక్క సందులో ముప్పై ఏళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు బాగుచేశారు. దుకాణం మూసేసి చాలా కాలమైంది. కానీ అందులోని సామాను మాత్రం మా అటక మీద, మంచాల కింద, ఒక బీరువా నిండా భద్రంగా ఉంది. అమ్మ దృష్టిలో అది చెత్త. నాన్న దృష్టిలో స్టాకు.

ఆ డబ్బా బేస్ గిటార్‌కి పెట్టుకునే ఓవర్‌డ్రైవ్ పెడల్. గిటార్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య నేల మీద ఉంటుంది. కాలితో ఒకసారి తొక్కితే శబ్దం గరగరలాడుతుంది, ఇంకోసారి తొక్కితే మామూలైపోతుంది. వదిన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో 3,500కి కొంది. కొత్తదైతే అంతకు రెండింతల పైమాటే. తీరా ఇంటికొచ్చాక తొక్కి చూస్తే, గుండెల్లో మోగాల్సిన బేస్ గిటార్ కాస్తా కిటికీ అద్దం మీద తుమ్మెదలా అయిపోయింది.

వదిన: మోసపోయాను మావయ్యా. వీడియోలో వాయించి మరీ చూపించాడు. తిరిగి పంపేస్తాను. తీసుకోనంటే ఆ డబ్బుకి నీళ్ళొదులుకుని కొత్తది కొనుక్కుంటాను. మీరు మాత్రం విప్పొద్దు.

నాన్న: విప్పితే ఏం పోతుంది?

వదిన: విప్పాక వాడు తీసుకుంటాడా? మీరే పాడుచేశారంటాడు.

నాన్న: దీన్ని ముందే ఎవరో విప్పారు. అడుగున నాలుగు స్క్రూలుండాలి. మూడే ఉన్నాయి. అందులో ఒకదాని నెత్తి అరిగిపోయింది. తయారుచేసినవాళ్ళు స్క్రూని ఇలా కొరకరు.

వదిన: అయితే ఇంకేం, అమ్మినవాడికి తెలిసే అంటగట్టాడన్నమాట.

నాన్న: విప్పినవాడూ అమ్మినవాడూ ఒకడేనని నీకెవరు చెప్పారు?

వదిన: సరే, అది పక్కన పెట్టండి. లెక్క చూడండి. దీని మీద మీకో సగం రోజు, నాకో సగం రోజు పోతుంది. నా గంటకి ఆఫీసువాళ్ళు ఎంతిస్తారో మీకు తెలుసు. ఆ లెక్కన...

నాన్న: నీ ఆదివారానికి ఆఫీసువాళ్ళు ఎంతిస్తున్నారు?

దీనికి వదిన దగ్గర జవాబు లేదు. వాదన మాత్రం ఉంది.

వదిన: మీ కాలంలో రేడియో వెనకట్ట విప్పితే లోపల సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. ఇప్పుడు అలా లేదు. ఆవగింజంత పార్టులు, పేరు గీకేసిన ఐసీలు. అమెరికాలో బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి క్లోన్ సెంటార్ అని ఒక పెడల్ చేశాడు. ఎవరూ చూసి కాపీ కొట్టకుండా బోర్డు మీద ఎపాక్సీ ముద్ద పోసేశాడు. ఇందులోనూ అలాంటి ముద్దే ఉంటే మీ సోల్డరింగ్ ఐరన్ ఏం చేస్తుంది?

నాన్న: ముద్ద ఉంటే మళ్ళీ మూసేస్తాం. ఉందో లేదో తెలియడానికైనా మూత తియ్యాలిగా.

మూత తీశారు. ముద్ద లేదు. ఆకుపచ్చ బోర్డు, కాళ్ళున్న మామూలు పార్టులు, మధ్యలో ఎనిమిది కాళ్ళ ఐసీ. దాని మీది అక్షరాలు కళ్ళద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ చదివి నాన్న మొహం విప్పారింది. టీఎల్ 072. పాత చుట్టమే. యాంప్లిఫయర్ల టోన్ కంట్రోల్ బోర్డుల్లో ఎన్ని మార్చారో లెక్క లేదట. ఇక వదిన వాదన ఎంత గట్టిదైనా ఆయన్ని ఆపడం నా వల్ల కూడా కాదు.

నాన్న: బేస్ పోయిందన్నావు కాబట్టి అడుగుతున్నా. నీ స్పీకర్లు ఎన్ని? 1989లో గీతాంజలి క్యాసెట్లు ఊరంతా మోగుతున్నప్పుడు ఒకాయన టూ-ఇన్-వన్ పట్టుకొచ్చాడు, బేస్ రావట్లేదని. సెట్టు బంగారంలా ఉంది. ఆయన రెండు స్పీకర్లలో ఒకదాని వైర్లు అటూ ఇటూ మార్చి తగిలించాడు. ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. బేస్ రెండింటి మధ్యా కొట్టుకుపోయింది.

వదిన: నాది ఒకే స్పీకరు. పైగా పెడల్ ఆఫ్‌లో ఉంటే బేస్ నిండుగా వస్తోంది.

నాన్న: అది ముందు చెప్పాలి. అంటే గిటారు, వైర్లు, జాకులు అన్నీ మంచివే. ఆఫ్‌లో శబ్దం ఈ తొమ్మిది కాళ్ళ స్విచ్ మీదుగా నేరుగా బయటికి పోతోంది. ఆన్ చేస్తే బోర్డులోంచి పోతోంది. దొంగ బోర్డులోనే ఉన్నాడు. అడాప్టర్ ఇటివ్వు. ఇదేంటి, మధ్యలో మైనసా?

వదిన: పెడల్స్‌కి అంతే మావయ్యా. 9 వోల్టులు, మధ్యలో మైనస్, చుట్టూ ప్లస్.

నాన్న: ఇంట్లో ఉండే అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో ప్లస్ కదా! ఒకటి బదులు ఇంకొకటి పెడితే?

వదిన: పెడతారు. అందుకే సప్లై దగ్గర ఒక డయోడ్ అడ్డంగా వేస్తారు. తిరగేసి కరెంటిస్తే అది షార్టయిపోయి మిగతావాటిని కాపాడుతుంది. ఎక్కువసేపు అలాగే వదిలేస్తే అదే కాలిపోతుంది. అప్పుడు పెడల్ అసలు వెలగదు. నా దాంట్లో లైటు వెలుగుతోంది.

నాన్న కాసేపు ఆమెకేసి చూశారు. ఇంత తెలిసినమ్మాయి మూత తియ్యొద్దని ఎందుకు అడ్డం పడిందా అని ఆయన ఆలోచన. అడగలేదు. మీటరు తీశారు.

ఆ తర్వాత ముప్పావు గంట ఆయన రాజ్యం. సప్లై దగ్గర 9.2. ఐసీ ఎనిమిదో కాలు దగ్గర 9.2. నాలుగో కాలు దగ్గర సున్నా. ఒకటో కాలు, ఏడో కాలు దగ్గర సరిగ్గా సగం, 4.6. ప్రతి అంకెనూ పేపరు మార్జిన్‌లో రాసుకున్నారు. డ్రై సోల్డర్ ఎక్కడైనా ఉందేమోనని స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో బోర్డంతా టకటకా తట్టారు. కంట్రోళ్ళలో స్ప్రే కొట్టి పదేసి సార్లు అటూ ఇటూ తిప్పారు. చివరికి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

నాన్న: బోర్డులో ఏ లోపమూ లేదమ్మా.

వదిన: లోపం లేకపోతే ఈ తీగ ఏమైపోయింది?

నాన్న: ఏ తీగ?

వదిన: ఏ కాదు, ఈ.

నాన్న: అదేనమ్మా, ఏ తీగ అని అడుగుతున్నా.

వదిన: ఏ తీగ కూడా కొంత పోయింది. ఈ తీగ అయితే అసలే లేదు.

బేస్ గిటార్‌కి నాలుగు తీగలు. లావు నుంచి సన్నం వరకూ వాటి పేర్లు ఈ, ఏ, డి, జి. ఇంగ్లీషు అక్షరాలు తెలుగు ఇంట్లో అడుగుపెడితే జరిగేది ఇదే. ఇద్దరినీ విడదీయడానికి నేను వెళ్ళి లావు తీగను వేలితో చూపించాల్సి వచ్చింది.

వదిన: మావయ్యా, మీరు ముప్పావు గంట కొలిచారు. నన్నొక్క నిమిషం వాయించనివ్వండి. ఈ నాబ్ పేరు బ్లెండ్. లావు స్వరాన్ని గరగరలాడిస్తే బురద అయిపోతుంది. అందుకని ఈ పెడల్స్ చేసేవాళ్ళు గరగర దారిలోకి పంపేముందే అడుగుని కొంత కోసేస్తారు. అలా కోసినదానికి బదులు, గిటార్ శబ్దాన్ని ఏమీ చెయ్యకుండా ఇంకో దారిలో పంపి చివర్లో కలుపుతారు. ఎంత కలపాలో ఈ నాబ్ చెప్తుంది. వినండి. గరగర వైపు పూర్తిగా తిప్పాను. ఎలా ఉండాలో అలాగే ఉంది. ఇప్పుడు శుభ్రంగా ఉండాల్సిన వైపు తిప్పుతున్నాను. ఇక్కడే కదా బరువుండాలి? ఇక్కడే సన్నబడిపోతోంది. లోపం ఈ రెండో దారిలో ఉంది.

నాన్న: ఆ దారిలో కూడా వోల్టేజీలు సరిగ్గానే ఉన్నాయి. మీటరు అబద్ధం చెప్పదు.

వదిన: అబద్ధం చెప్పదు. కానీ దానికి పాట వినపడదు.

నాన్న ఏమీ అనలేదు. ఆయన ఓడిపోయినప్పుడు మొహంలో పెద్దగా ఏమీ కనపడదు, చెయ్యి మాత్రం వెళ్ళి మెడ వెనక గోక్కుంటుంది. గోక్కుంది.

నాన్న: నిజమే. నేను కొలిచినదంతా డీసీ. ఐసీ కాలి మీద నిలబడిన ఆ 4.6 వోల్టులు డీసీ, దాని మీద అలల్లా ఊగేది నీ పాట. పక్క గదిలోకి పాట మాత్రం వెళ్ళాలి, డీసీ వెళ్ళకూడదు. అందుకని మధ్యలో ఒక కండెన్సర్ పెడతారు.

వదిన: కెపాసిటర్.

నాన్న: మేం కండెన్సర్ అనే అంటాం. అది మంచిదైనా, చిన్నదైనా, ఎండిపోయినా నా మీటరు రెండు వైపులా అవే అంకెలు చూపిస్తుంది. డీసీని ఆపడమొక్కటీ అది బాగానే చేస్తోంది మరి. ఒరే, పాత గిటార్ వైరొకటి తే.

ఇక్కడ నాకు కాస్త పని దొరికింది. పాడైన గిటార్ వైరొకటి ఒక చివర కోసి, మధ్య తీగ కొసకి 104 అని రాసున్న చిన్న కండెన్సర్ అతికించి, చుట్టూ ఉండే జాలీని ఎర్త్‌కి క్లిప్పుతో తగిలించారు. రెండో చివర యాంప్లిఫయర్‌లోకి వెళ్ళింది. అదే ఇప్పుడు ఆయన స్టెతస్కోపు. బోర్డులో ఎక్కడ ఆనిస్తే అక్కడి శబ్దం స్పీకర్లో వినిపిస్తుంది. వదిన లావు తీగని గడియారంలా ఒకే వేగంతో కొడుతూ కూర్చుంది. నాన్న లోపలికొచ్చే జాకు దగ్గర మొదలుపెట్టారు.

జాకు దగ్గర, ధుమ్. ఐసీ మూడో కాలు దగ్గర, ధుమ్. ఒకటో కాలు దగ్గర, ఇంకాస్త గట్టిగా ధుమ్. అక్కణ్ణించి అర అంగుళం దూరంలో ఒక కండెన్సర్. దాని ఎడమ కాలు దగ్గర ధుమ్. కుడి కాలు దగ్గర...

దోమ.

వదిన చెయ్యి ఆగిపోయింది. నాన్న మళ్ళీ ఎడమ కాలు మీద ఆనించారు. ధుమ్. కుడి కాలు మీద. దోమ. ఒక చిన్న గోధుమరంగు బిళ్ళ. దాని ఒక పక్క మొత్తం గిటారుంది, రెండో పక్క దాని నీడ ఉంది.

టార్చి దగ్గరగా పెట్టమన్నారు. బోర్డు తిప్పి చూస్తే మిగతా సోల్డరంతా ఒకే తీరుగా, చిన్న చిన్న గోపురాల్లా ఉంది. ఈ రెండు కాళ్ళ దగ్గర మాత్రం మిరియం గింజంత ఉండలు, చుట్టూ కాలిన ఫ్లక్స్ మరక. చేత్తో చేసిన పని. మొదట్లోనే వెనక వైపు ఒక్కసారి నిదానంగా చూసి ఉంటే మీటరు పెట్టకముందే దొరికేది. ఆ మాట నాన్నే అన్నారు. వదిన అనాల్సిన అవసరం లేకపోయింది.

బిళ్ళ మీద 103 అని ఉంది. ఆ చోట ఏముండాలి? వదిన అదే మోడల్ లోపలి ఫొటో ఒకటి ఫోన్లో వెతికి పెద్దది చేసింది. అక్కడ పెట్టెలా ఉన్న కండెన్సర్ ఉంది. దాని మీద 105. పక్కనున్న గరగర దారిలో అలాంటిదే ఇంకొకటి, అదీ 105.

నాన్న: అర్థమైంది. మొదటిది ఎప్పుడో పోయి ఉంటుంది. బాగుచేసినవాడు 105 తెచ్చుకోబోయి 103 తెచ్చుకున్నాడు. డబ్బాలో అన్నీ కలిసిపోయుంటాయి. లేకపోతే 5 చెరిగిపోయి 3లా కనపడి ఉంటుంది.

వదిన: రెండంకెల తేడాకి ఇంతా?

నాన్న: రెండంకెల తేడా కాదు, రెండు సున్నాల తేడా. చివరి అంకె సున్నాల లెక్క. 103 అంటే పది పక్కన మూడు సున్నాలు, పది వేల పికోఫారడ్లు. 105 అంటే పది పక్కన ఐదు సున్నాలు, పది లక్షలు. ఒక మైక్రోఫారడ్. వాడు వేసింది ఉండాల్సినదానిలో నూరో వంతు. నీ బ్లెండ్ కంట్రోల్ ఎంత?

వదిన: బి 50కె. యాభై వేల ఓమ్‌లు.

నాన్న పేపరు మార్జిన్‌లో లెక్క వేశారు. రెండు పైలు, యాభై వేలు, 0.01 మైక్రో. కింద ఒకటి, పైన ఒకటి, తిరగెయ్యి. దాదాపు 318 వచ్చింది.

నాన్న: 318 సైకిల్స్. దానికి కిందివాళ్ళకి ఈ గుమ్మం దగ్గర అడ్డే. ఎంత కిందికి పోతే అంత అడ్డు. నీ ఈ తీగ ఎంత?

వదిన: ఏమీ నొక్కకుండా మీటితే 41.2 హెర్ట్జ్. ఏ తీగ 55. డి తీగ 73. జి తీగ 98.

నాన్న: నాలుగూ గుమ్మం బయటే! ఈ తీగలో ఎనిమిదో వంతు లోపలికొస్తోంది. జి తీగలో కూడా మూడో వంతుకి తక్కువే. అదే 105 వేస్తే గుమ్మం 3 సైకిల్స్ దగ్గరికి దిగిపోతుంది. అంత కింద నువ్వూ లేవు, ఎవరూ లేరు.

ఇంతవరకూ ఇద్దరూ ఒకే పక్షం. మళ్ళీ విడిపోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వదిన: అయితే నేనన్నదే నిజం. ఇంత తేడా ఉంటే అమ్మినవాడికి వినపడకుండా ఉంటుందా? కావాలనే అంటగట్టాడు.

నాన్న: నీకు వినపడిందా వీడియోలో?

వదిన: నేను ఫోన్లో చూశాను.

నాన్న: ఆ ఫోను ఇటివ్వు. దీని స్పీకరు నా చిటికెన వేలి గోరంత లేదు. 41 సైకిల్స్ ఇది ఎక్కణ్ణించి తెస్తుంది? నువ్వా వీడియోలో విన్నది బేస్ కాదు, బేస్ పైన తేలే మీగడ. మీగడ చూసి పాలున్నాయనుకున్నావు.

వదిన: కానీ స్వరం తెలిసింది మావయ్యా. ఏం వాయిస్తున్నాడో చెప్పగలిగాను.

నాన్న: తెలుస్తుంది. అదే గమ్మత్తు. తీగ 41తో పాటు 82, 123, 165 అన్నీ పలుకుతుంది. అడుగుది తీసేసినా, పైవాటి మధ్య ఎడం 41 కాబట్టి మన చెవి అడుగుదాన్ని తనే ఊహించుకుంటుంది. అరచేతి రేడియోలో మృదంగం ఎడమ వైపు కూడా వినపడినట్టే ఉండేది. అందులో దానికి చోటెక్కడిది?

వదిన: అదే నిజమైతే ఈ కేసులో ముద్దాయిని నేనే అవుతున్నాను.

నాన్న: అలా అనలేదు. అమ్మినవాడు గిటార్ వాయించేవాడా, బేస్ వాయించేవాడా?

వదిన: గిటార్. వీడియోలో కూడా మామూలు గిటార్‌తోనే వాయించాడు.

నాన్న: చిన్న గదిలో, చిన్న యాంప్లిఫయర్‌తో. గిటార్లో అన్నిటికంటే లావు తీగ ఎంత?

వదిన: 82.

నాన్న: అదీ బయటే నిలబడుతుంది. అయినా గిటార్ శబ్దమంతా పైనే ఉంటుంది కాబట్టి వాడికి కొంచెం సన్నగా ఉందనిపించి ఉంటుంది. పెడల్ తీరే అంత అనుకుని ఉంటాడు. నచ్చక అమ్మేశాడు. అమ్మడానికి అది చాలదా?

వదిన ఒప్పుకోలేదు. నాకు మాత్రం నాన్న మాట సగం నమ్మాలనిపించింది. మిగతా సగం ఎందుకు కాదంటే, వాడుకోవడానికి మనసు రానిదాన్ని "బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని రాసి అమ్మడానికి మనసెలా వచ్చిందన్నది నాకింకా కొరుకుడు పడలేదు.

ఐరన్ వేడెక్కింది. సోల్డరు పంపు చేతిలోకి తీసుకుని నాన్న ముందుకి వంగారు. అప్పుడు వదిన ఎవరూ ఊహించని మాటంది.

వదిన: తియ్యకుండా ఉంచేస్తే?

నాన్న: ఏంటీ?

వదిన: అంటే, ఆ దోమ శబ్దం కూడా ఎక్కడో పనికొస్తుందనిపిస్తోంది. ఒక చరణం మొదట్లో సన్నగా, టెలిఫోన్లో వినిపిస్తున్నట్టు వాయించి, పల్లవికి ఒక్కసారిగా నిండుగా...

నాన్న: పొద్దున్నించీ దీన్ని తిట్టింది నువ్వే కదమ్మా?

వదిన: తిట్టాను. కానీ లోపం అని ఎవరు తేల్చాలి మావయ్యా? అసలీ గరగర పెడల్ పుట్టిందే లోపంలోంచి. 1960లో నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తున్నారు, డోంట్ వర్రీ అని. గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయించాడు. అది వెళ్ళిన ఛానెల్ పాడైపోయి ఉంది. శబ్దం చిరిగిపోయి వచ్చింది. తీసేద్దామా ఉంచుదామా అని వాదించుకుని ఉంచేశారు. 1961లో పాట హిట్టయింది. ఆ శబ్దం కావాలని మిగతావాళ్ళు రావడం మొదలుపెట్టారు. గ్లెన్ స్నాడీ అని ఆ రికార్డింగ్ ఇంజినీరు, ట్రాన్సిస్టర్లతో అదే శబ్దం చేసే డబ్బా తయారుచేశాడు. 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ అని అమ్మకానికొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ శాటిస్‌ఫాక్షన్‌లో వాడాక జనం ఎగబడ్డారు. ఆ రోజు స్టూడియోలో మీరుండి ఉంటే ఛానెల్ బాగుచేసేసేవారు. మనకి పెడల్సే ఉండేవి కావు!

ఇది మంచి దెబ్బే. వదిన కళ్ళలో మెరుపు కూడా కనపడింది. నాన్న ఐరన్ స్టాండులో పెట్టి ఆలోచించారు.

నాన్న: బాగుచేసేసేవాణ్ణే. ఒప్పుకుంటాను. కానీ ఆ ఇంజినీరు ఏం చేశాడో నువ్వే చెప్పావు. పాడైన ఛానెల్‌ని అలాగే వదిలేసి, అది ఇంకా పాడవుతుంటే పాటలు తియ్యలేదు. అందులో ఏం జరుగుతోందో అర్థం చేసుకుని, కావాలన్నప్పుడు వచ్చేలా, వద్దన్నప్పుడు పోయేలా చేశాడు. వాడు స్విచ్ పెట్టాడమ్మా! నీ పెడల్లో స్విచ్ తొక్కితే దోమ తప్ప ఇంకేదీ రాదు.

వదిన: అయితే పక్కన చిన్న స్విచ్ పెట్టండి. ఇటేస్తే 103, అటేస్తే 105.

నాన్న: ఇంత చక్కని డబ్బాకి చిల్లు పెట్టమంటావా?

లోపల కండెన్సర్లు మార్చడానికి అభ్యంతరం లేని మనిషికి డబ్బాకి చిల్లు పెట్టడమంటే ఎందుకంత బాధో నేనడగలేదు. వదిన కూడా పట్టుపట్టలేదు. నాన్న 103ని పీకి మీటరు పెట్టి చూశారు, 9.7 నానోఫారడ్లు. దాని మీద రాసుకున్నదానికి అది నిజాయితీగానే ఉంది. వదిన దాన్ని తీసుకుని గిటార్ సంచీ జేబులో, పిక్కుల పక్కన వేసుకుంది.

105 కోసం కోఠీ దాకా వెళ్ళక్కర్లేకపోయింది. మంచం కింది మూడో డబ్బాలో దొరికింది. అమ్మ వంటింట్లోంచి చూసి ఏమీ అనలేదు. ఆ ఒక్క కండెన్సర్‌తో ఆ డబ్బాలన్నిటికీ ఇంకో పదేళ్ళు ఆయుష్షు పెరిగిందని ఆమెకి తెలుసు.

కొత్తది అతికించాక ఇంకో చిన్న రగడ. పనిలో పనిగా ఎలక్ట్రోలిటిక్స్ కూడా మార్చేయమని వదిన, అవి పాతబడితే ఎండిపోతాయి కదా అని. బాగున్న పన్ను పీకనని నాన్న. సప్లై దగ్గరి 100 మైక్రోది ఒకటి కొలిస్తే 96 ఉంది. ఆ అంకె చూపించి ఆయన కేసు కొట్టించేసుకున్నారు. పెడల్ ఆన్ చేస్తే సన్నగా గుయ్‌మని ఒక రొద వినిపించింది. "చూశారా, ఎలక్ట్రోలిటిక్కే" అంది వదిన. నాన్న అడాప్టర్ పీకి, పొగ అలారంలోంచి తీసిన చదరపు 9 వోల్టుల బ్యాటరీ తగిలించారు. రొద పోయింది. రొద పెడల్‌ది కాదు, వదిన నాలుగు పెడళ్ళకీ కలిపి వాడుతున్న చవక అడాప్టర్‌ది. కొత్త అడాప్టర్ కొనాలి. సెకండ్ హ్యాండ్ మాత్రం వద్దని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

అప్పుడు వదిన లావు తీగ మీటింది. బ్లెండ్ నాబ్ శుభ్రమైన వైపు పూర్తిగా తిప్పి ఉంది. పేపరు మీద పెట్టిన స్క్రూలు మూడూ కదిలాయి. ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి బల్ల అంచున ఆగింది. అది నేను పట్టుకున్నాను.

వదిన వాయిస్తూనే ఉంది. నాన్న బోర్డు డబ్బాలో పెట్టి, మూత వేసి, నాలుగో స్క్రూ కోసం తగరపు డబ్బా బల్ల మీద కుమ్మరించారు. వదిన ఒక చేత్తో ఫోన్ తీసి అమ్మినవాడికి మెసేజ్ పెట్టింది. డబ్బు సంగతి ఎత్తలేదు. దీన్ని ఇదివరకు ఎవరు విప్పారని మాత్రం అడిగింది.

నాన్న: ఏమంటున్నాడు?

వదిన: "నేను కొన్నప్పుడే మూడు స్క్రూలున్నాయి" అంటున్నాడు.

నాన్న: మరి? నేను చెప్పలేదూ?

వదిన: ఆ మాట అమ్మేటప్పుడు చెప్పొచ్చుగా మావయ్యా.

దానికి నాన్న బదులివ్వలేదు. స్క్రూల గుట్టలో వేలు పెట్టి వెతుకుతున్నారు. మర సరిపోయింది ఒక్కటే దొరికింది, ఇత్తడిది, కాస్త పొడుగుది. అలాగే బిగిస్తే బోర్డుకి తగులుతుందని రెండు వాషర్లు వేసి బిగించారు. వెండి రంగు మూతకి ఒక మూల పచ్చగా మెరుస్తూ కొంచెం పైకి లేచి ఉంది.

వదిన: రేపు నేను అమ్మాలనుకుంటే ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది మావయ్యా.

నాన్న: కనపడనీ.